ఊరు మారినా ఆగని ఉత్తరం

కోస్గి నుంచి పరిగి, చేవెళ్ల మీదుగా హైదరాబాద్ చేరేసరికి ల్యాప్‌టాప్ రెండు మూడు నెట్‌వర్కులు మారుతుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్, బస్సులో ఫోన్ హాట్‌స్పాట్, నగరంలో ఆఫీసుదో లాడ్జీదో వైఫై. మహబూబ్‌నగర్ వెళ్లి రైలు పట్టుకునేవాళ్లకు స్టేషన్ వైఫై కూడా. మారిన ప్రతిచోటా దానికి కొత్త ఐపీ అడ్రస్ వస్తుంది. వెబ్‌సైట్లకు ఈ మార్పుతో పనిలేదు. వచ్చే మెయిల్‌కూ లేదు, పాస్‌వర్డ్ సరిగ్గా చెప్తే మన పెట్టె ఎక్కణ్ణుంచైనా తెరుచుకుంటుంది. పంపే మెయిల్ ఒక్కటే ఏళ్ల తరబడి ఊరు దాటగానే మొరాయించేది. బ్రౌజర్‌లో మెయిల్ రాసేవాళ్లకు ఈ తిప్పలు అంతగా తెలియవు. సొంత మెయిల్ ప్రోగ్రాముతో ఉత్తరాలు, బిల్లులు, ప్రోగ్రాము కోడ్ పంపుకునేవాళ్లకు బాగా తెలుసు.

2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా ఏర్పడక ముందు కోస్గి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. వలసలకు పేరుపడిన నేల ఇది. ముంబయికీ పుణెకీ పనికి పోయినవాళ్లు ఇక్కడ ఊరూరా ఉన్నారు. ఇప్పుడు కొత్త తరం ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని హైదరాబాద్‌కూ ఊరికీ మధ్య తిరుగుతోంది. 2020 లాక్‌డౌన్‌లో ఎంతోమందికి ఊళ్లోని ఇల్లే ఆఫీసు అయింది. ఇలా తిరిగేవాళ్ల ఉత్తరం ఎక్కడా ఆగకుండా పోవడం వెనక ఎంత చేయి తిరిగిన పని ఉందో దగ్గరగా చూడాలని నాకు చాలాకాలంగా ఉంది.

మొదట ఆ మొరాయింపు ఎందుకో చూద్దాం. ఉత్తరం పంపే పద్ధతిని జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో రాసిపెట్టాడు. ఎస్ఎంటీపీ అని మనం పిలిచేది దాన్నే. అది ఎంత చిన్న సంభాషణో! పంపే యంత్రం తన పేరు చెప్పాలి, ఎవరి ఉత్తరమో చెప్పాలి, ఎవరికో చెప్పాలి, ఉత్తరం మొత్తం చదవాలి, ఒక్క చుక్క మాత్రమే ఉన్న లైనుతో ముగించాలి. అందుకునే యంత్రం మూడంకెల జవాబులిస్తుంది. 4తో మొదలైతే ఇప్పుడు కుదరదు, తర్వాత రమ్మని. 5తో మొదలైతే ఇక కుదరదని. 250 అంటే తీసుకున్నానని. ఈ 250కి చాలా బరువుంది. రిజిస్టర్ పోస్టు కిటికీ దగ్గర రసీదు మీద ముద్ర పడ్డట్టే, ఆ క్షణం నుంచి ఉత్తరం బాధ్యత పూర్తిగా అవతలి యంత్రానిది. చేరిస్తే చేర్చాలి, చేర్చలేకపోతే ఫలానా కారణం వల్ల చేరలేదని పంపినవారికి తిరిగి చెప్పాలి.

ఆ సంభాషణలో ఎక్కడా లేని ప్రశ్న ఒకటుంది: నువ్వెవరు? అప్పటి నెట్‌వర్కులో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే కనుక ఆ ప్రశ్న అవసరం పడలేదు. ఎవరి ఉత్తరాన్నయినా ఏ సర్వరైనా అందుకుని ముందుకు తోసేది. చెత్త మెయిళ్లు పంపేవాళ్లు ఆ మంచితనాన్ని వాడుకున్నారు. దాంతో 1990ల చివరికి సర్వర్లు కట్టుదిట్టం చేసుకోవడం మొదలుపెట్టాయి. అప్పట్లో ఎక్కువగా వాడిన సెండ్‌మెయిల్ అనే సర్వర్ ప్రోగ్రాము 1998లో వచ్చిన 8.9 వెర్షన్‌తో, ప్రత్యేకంగా చెప్తే తప్ప, బయటివాళ్ల ఉత్తరాలను ముందుకు పంపడం మానేసింది. మరి తన మనిషిని ఎలా గుర్తుపట్టాలి? అందరూ ఎంచుకున్న తేలిక దారి ఐపీ అడ్రస్. నా నెట్‌వర్కు లోపల ఉంటే నా మనిషి, బయట ఉంటే పరాయి.

మన దేశంలో విఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. మోడెమ్‌తో ఫోన్ తిప్పి నెట్‌లోకి వెళ్లే ఆ కాలంలో ఎక్కువచోట్ల ఒకటే ఏర్పాటు: కనెక్షన్ ఇచ్చినవాళ్లే మెయిల్ సర్వరూ ఇచ్చేవారు. కాబట్టి ఇంట్లో కూర్చున్నంతకాలం అడ్రస్‌ను బట్టి గుర్తుపట్టడం చక్కగా నడిచింది. మనిషి కదిలితే మాత్రం నిన్నటిదాకా ఉత్తరాలు తీసుకున్న సర్వరే ఇవాళ 5తో మొదలయ్యే జవాబు ఇస్తుంది. ఊరు మారినప్పుడల్లా ఔట్‌గోయింగ్ సర్వర్ పేరు మార్చుకోవడమే అప్పటి వైద్యం. ఇంకో చిట్కా కూడా వాడేవారు. ముందు పాస్‌వర్డ్‌తో పెట్టె తెరిచి మెయిల్ చూసుకుంటే, ఆ అడ్రస్‌ను సర్వర్ కొద్దిసేపు గుర్తుపెట్టుకుని అక్కణ్ణుంచి వచ్చే ఉత్తరాలు కూడా తీసుకునేది. తెలివైన చిట్కానే. అయితే ఒకే అడ్రస్ వెనక పదిమంది కూర్చునే ఇంటర్నెట్ సెంటర్‌లో ఒకరు చెప్పిన పాస్‌వర్డ్‌తో పదిమందికీ దారి దొరికేది. చోటును చూసి మనిషిని నమ్మడంలోని లోపం ఆ చిట్కాలో అలాగే మిగిలిపోయింది.

ఆ లోపాన్ని మొదలంటా తీసినవాళ్లు రాండల్ గెల్లెన్స్, జాన్ క్లెన్సిన్. 1998 డిసెంబరులో వాళ్లు రాసిన ఆర్ఎఫ్‌సి 2476 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రం చదివితే నాకు ముందుగా నచ్చేది అందులోని పొదుపు. కొత్త భాష కనిపెట్టలేదు. పోస్టెల్ సంభాషణ అలాగే ఉంచి, చేసే పనిని రెండుగా విడదీశారు. సర్వర్ నుంచి సర్వర్‌కు ఉత్తరాలు చేరవేసే పని పాత పోర్టు 25లోనే, అంటే సర్వర్ 25వ నంబరు తలుపులోనే, ఉండనిచ్చారు. మనిషి తన ఉత్తరాన్ని తన సర్వర్‌కు అప్పగించే పనికి 587 అనే కొత్త పోర్టు ఇచ్చారు. 25లో ముక్కూమొహం తెలియని సర్వర్లు వస్తాయి, అక్కడ పాస్‌వర్డ్ అడగడం కుదరదు. 587లో వచ్చేది సొంత మనిషి, అక్కడ అడగకుండా ఉండకూడదు. రెండు పనులూ ఒకే పోర్టులో ఉన్నంతకాలం ఏ నియమం పెట్టినా రెండోదానికి అడ్డం వచ్చేది.

తర్వాత రెండు భాగాలు త్వరత్వరగా వచ్చి కలిశాయి. మాటల మధ్యలో గుప్తీకరణ మొదలుపెట్టే స్టార్ట్‌టీఎల్ఎస్ 1999 జనవరిలో, పాస్‌వర్డ్ చెప్పే ఆథ్ అదే ఏడాది మార్చిలో. స్టార్ట్‌టీఎల్ఎస్‌లో ఒక నియమం ఉంది. గుప్తీకరణ మొదలవగానే అంతకుముందు ఒకరి గురించి ఒకరు విన్నదంతా ఇద్దరూ మరిచిపోవాలి, పలకరింపు మళ్లీ మొదటినుంచి జరగాలి. ఎందుకంటే బహిరంగంగా విన్న మాటల్లో దారి మధ్యలో కాచుకున్న మధ్యవాడు కల్పించినవి ఎన్నో ఎవరికి తెలుసు? లాడ్జీ వైఫైలో కూర్చున్న మనిషికి కావలసిన రక్షణ సరిగ్గా ఇది. ఈ నియమాన్ని అక్షరాలా పాటించడం ఎంత కష్టమో 2011 మార్చిలో బయటపడింది. స్టార్ట్‌టీఎల్ఎస్ వెంటనే మధ్యవాడు దూర్చిన ఆజ్ఞలు చాలా సర్వర్ల బఫర్‌లో మిగిలిపోయి, గుప్తీకరణ తర్వాత అసలు మనిషి చెప్పినట్టే అమలయ్యేవి. ఆ లోపం కనిపెట్టింది పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాము రాసిన వీట్సె వెనెమా. తన ప్రోగ్రాములోనూ అది ఉందని తానే ప్రకటించి, సరిచేసి, అదే లోపమున్న మిగతావాళ్లకూ సమయం దొరికేలా చూశాడు. పనితనం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ప్రకటనే.

పోర్టు 465 కథ కూడా ఒక మాట చెప్పాలి. మొదటి క్షణం నుంచే గుప్తంగా మాట్లాడే ఈ పోర్టును 1997లో కేటాయించి, కొద్దికాలానికే వెనక్కి తీసుకున్నారు. వాడేవాళ్లు మాత్రం వదల్లేదు. 2018 జనవరిలో ఆర్ఎఫ్‌సి 8314 దాన్ని మళ్లీ పిలిచి పీట వేసింది. దారి మధ్యలోని యంత్రాలు స్టార్ట్‌టీఎల్ఎస్ అన్న మాటను తీసేసి, ఉత్తరాన్ని బట్టబయలుగా పంపించిన ఉదంతాలు 2014లో వెలుగుచూశాయి. బహిరంగ పలకరింపే లేని 465లో తీసేయడానికి ఏమీ దొరకదు. కొత్తగా అమర్చుకునేవాళ్లు ముందు దీన్నే చూడాలని నా అభిప్రాయం.

ఇక ల్యాప్‌టాప్ వైపు వద్దాం. పోస్ట్‌ఫిక్స్ కూడా 1998 డిసెంబరులోనే, ఐబీఎం సెక్యూర్ మెయిలర్ అన్న పేరుతో బయటికి వచ్చింది. వెనెమా నెదర్లాండ్స్ నుంచి అమెరికాలోని ఐబీఎం వాట్సన్ పరిశోధన కేంద్రానికి వెళ్లి దాన్ని రాశాడు. పెద్ద పెద్ద సర్వర్ల కోసం పుట్టిన ఈ ప్రోగ్రాము సంచిలో తిరిగే ల్యాప్‌టాప్‌కు అంతకన్నా బాగా అమరుతుంది.

మొదట చేయాల్సింది రిలేహోస్ట్ అనే ఒక్క లైను రాయడం. అంటే ఉత్తరం ఎవరికైనా సరే, ముందు నా సర్వర్‌కు 587లో అప్పగించమని. ల్యాప్‌టాప్ నేరుగా అవతలివాళ్ల సర్వర్‌కే ఎందుకు పంపకూడదని అడగొచ్చు. ఫోన్ కంపెనీలు వేలమంది చందాదారులను ఒకే అడ్రస్ వెనక నడిపిస్తాయి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు ఇచ్చే అడ్రస్ ఇవాళ ఒకరిది, రేపు ఇంకొకరిది. అలాంటి అడ్రస్‌ల నుంచి నేరుగా వచ్చే ఉత్తరాన్ని తీసుకోవద్దని స్పామ్‌హౌస్ వంటి సంస్థలు జాబితాలు కడతాయి. పైగా ఏ డొమైన్ ఉత్తరం ఏ సర్వర్ నుంచి రావాలో ఎస్‌పీఎఫ్ రికార్డు చెప్తుంది, అందులో మన బస్సులోని హాట్‌స్పాట్ ఉండదు. కాబట్టి మనిషి ఎక్కడ తిరిగినా ఉత్తరం మాత్రం సొంత సర్వర్ నుంచే లోకంలోకి వెళ్లాలి. ఆ లైనులో సర్వర్ పేరుకు అటూఇటూ చదరపు బ్రాకెట్లు పెడతారు. ఈ పేరు గల యంత్రానికే ఇవ్వు, పేర్లకు అడ్రస్‌లు చెప్పే డీఎన్ఎస్‌లో దానికి వేరే మెయిల్ సర్వర్ రాసి ఉందేమోనని వెతకొద్దని ఆ బ్రాకెట్ల అర్థం. ఆఫీసు అడ్రస్, సొంత అడ్రస్ రెండూ వాడేవాళ్లకు 2006లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచి ఇంకో వీలుంది. పంపేవారి అడ్రస్‌ను చూసి ఏ సర్వర్‌కు ఏ పాస్‌వర్డ్‌తో ఇవ్వాలో అదే తేల్చుకుంటుంది.

ఇప్పుడు బస్సు పరిగి దాటింది, సిగ్నల్ పోయింది, ఉత్తరం పూర్తయింది. పంపు అని నొక్కితే ఏం జరుగుతుంది? ఉత్తరం క్యూ అనే ఫోల్డర్‌లో ఒక ఫైలుగా పడుతుంది. రాయడం పూర్తయి, డిస్కు మీద గట్టిగా కూర్చున్నాక ఆ ఫైలుకు ఒక గుర్తు పడుతుంది. వెనెమా ఎంచుకున్న గుర్తు ఏమిటంటే, యూనిక్స్‌లో ప్రోగ్రాములకు పెట్టే ఎగ్జిక్యూట్ అనుమతి. ఉత్తరాన్ని ఎవరూ ప్రోగ్రాములా నడపరు కదా. ఆ అనుమతి ఖాళీగా పడివుంది, దాన్ని తెచ్చి ఈ ఉత్తరం సంపూర్ణం అనే ముద్రగా వాడుకున్నాడు. రాస్తుండగా బ్యాటరీ అయిపోతే ముద్ర పడని సగం ఉత్తరం ఎవరికీ వెళ్లదు. ముద్ర పడ్డాకే తీసుకున్నానన్న మాట బయటికి వస్తుంది.

పంపడం కుదరకపోతే ఫైలు డిఫర్డ్ అనే ఫోల్డర్‌లోకి మారుతుంది. మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలో ఎక్కడ రాసుకోవాలి? ఇంకెవరైనా ఒక పట్టిక తయారుచేసేవారు. పోస్ట్‌ఫిక్స్ ఆ ఫైలు చివరిసారి మారిన సమయాన్నే భవిష్యత్తులోకి జరుపుతుంది. పది గంటల ఐదు నిమిషాలకు మళ్లీ చూడాలంటే, ఫైలు మీద సమయం పదీ ఐదు. ప్రతి 300 సెకన్లకోసారి క్యూ మేనేజర్ ఫోల్డర్ మొత్తం చూసి, వేటి సమయం దాటిందో వాటిని బయటికి తీస్తుంది. ఎంత దూరం జరపాలన్నదీ లెక్కే: ఉత్తరం క్యూలో గడిపిన కాలాన్ని రెట్టింపు చేస్తారు, అయితే విరామం 300 సెకన్లకు తగ్గకూడదు, 4000 సెకన్లు దాటకూడదు. కొత్త ఉత్తరానికి త్వరత్వరగా అవకాశం, పాతదానికి నెమ్మదిగా.

ఈ ఏర్పాటు ప్రయాణికుడికి ఎంత మేలు చేస్తుందో గమనించండి. గడువు ప్రోగ్రాము జ్ఞాపకంలో లేదు, గోడ గడియారం లెక్కన ఫైలు మీదే ఉంది. ల్యాప్‌టాప్ మూత వేశారు, రెండు గంటలు సంచిలో నిద్రపోయింది, మెహదీపట్నంలో తెరిచారు. అప్పటికి అన్ని ఉత్తరాల సమయమూ దాటిపోయి ఉంటుంది. ఎవరూ చెప్పకుండానే మొదటి చూపులోనే బయలుదేరతాయి. యంత్రం ఆగిపోయి మళ్లీ మొదలైనా అంతే. ఆ ఐదు నిమిషాలు కూడా ఆగలేనివాళ్లు నెట్‌వర్క్ వచ్చినప్పుడల్లా నడిచే చిన్న స్క్రిప్టులో క్యూను కదిలించే ఆజ్ఞ ఒకటి రాసుకుంటారు. డయలప్ రోజుల్లో ఫోన్ కలవగానే చేయమని పోస్ట్‌ఫిక్స్ పత్రాల్లో సూచించిన పనే ఇది.

కదిలే ల్యాప్‌టాప్‌లో మాత్రమే తలెత్తే ఒక చిక్కు ఉంది. డెబియన్ లినక్స్‌లో పోస్ట్‌ఫిక్స్ భాగాలను భద్రత కోసం క్యూ ఫోల్డర్‌నే లోకమనుకునేలా నడపడం చాలాకాలం మామూలు, అలా నడిపితే బయటి ఫైళ్లు వాటికి కనిపించవు. అందువల్ల డీఎన్ఎస్ సర్వర్ అడ్రస్ ఉండే ఫైలు నకలు ఒకటి లోపల ఉంచుతారు. కోస్గిలో ఇంటి రౌటర్ 192.168.1.1 అనుకుందాం. నకలులో అదే ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్‌కు మారితే బయటి ఫైలు 192.168.43.1 అవుతుంది, లోపలి నకలు మాత్రం ఇంటి రౌటర్‌నే పట్టుకుని ఉంటుంది. బ్రౌజర్‌లో అన్నీ తెరుచుకుంటాయి, ఉత్తరం ఒక్కటే సర్వర్ పేరు దొరకడం లేదంటుంది. డెబియన్ నిర్వాహకులు దీన్ని ముందే ఊహించి, నెట్‌వర్క్ మారగానే నకలును సరిచేసి పోస్ట్‌ఫిక్స్‌ను తట్టిలేపే చిన్న స్క్రిప్టులు ప్యాకేజీలోనే పెట్టారు. భద్రత కోసం కట్టిన గోడ వల్ల వచ్చిన ఇబ్బందిని గోడ పడగొట్టకుండా తీర్చారు. ఎవరి కంటా పడని ఆ నాలుగు లైన్ల పని నాకు చాలా ఇష్టం.

అసలు పరీక్ష పరాయి వైఫైలో. రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ వైఫై 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో మొదలై 2018 జూన్‌కల్లా 400 స్టేషన్లకు చేరింది. ఫోన్ నంబరు ఇచ్చి ఓటీపీ కొట్టేదాకా అలాంటి నెట్‌వర్క్ మనల్ని తన పేజీ దగ్గరే ఆపేస్తుంది. కొన్నిచోట్ల పోర్టు 25 మూసేస్తారు. కొన్నిచోట్ల 25లో వెళ్లేదాన్ని తమ సొంత సర్వర్‌కు మళ్లిస్తారు. ఇందులో చివరిదే ప్రమాదం. ఎవరిదో సర్వర్ 5తో మొదలయ్యే జవాబిస్తే, నిక్షేపంలాంటి ఉత్తరం చేరలేదంటూ వెనక్కి వచ్చేస్తుంది. 587లోనూ ఇలా జరగకుండా పోస్ట్‌ఫిక్స్‌లో టీఎల్ఎస్, అంటే గుప్తీకరణ, స్థాయిని సెక్యూర్ అని పెట్టుకోవాలి. అప్పుడు సర్టిఫికెట్‌లో నా సర్వర్ పేరు కనిపిస్తేనే మాట ముందుకు సాగుతుంది. కనిపించకపోతే, లేదా గుప్తీకరణే దొరకకపోతే, పోస్ట్‌ఫిక్స్ దాన్ని ఉత్తరం తప్పుగా లెక్కేయదు. చోటు బాగాలేదనుకుని డిఫర్డ్‌లోకి నెడుతుంది. పాస్‌వర్డ్ చెల్లలేదని 535 వచ్చినా, అది 5తో మొదలైనదే అయినా, వెనక్కి పంపకుండా ఆపి ఉంచుతుంది. తాళంచెవి సరిపోనంత మాత్రాన ఉత్తరాన్ని పారేయకూడదన్న వివేకం అది. 2022 మే 30 తర్వాత జీమెయిల్ మామూలు పాస్‌వర్డ్‌ను ఇలాంటి ప్రోగ్రాముల నుంచి తీసుకోవడం మానేసింది. అక్కడ 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. అది మార్చేదాకా ఈ ఓపికే ఎన్నో ఉత్తరాలను కాపాడింది.

పోస్ట్‌ఫిక్స్ అంత పెద్ద సరంజామా వద్దనుకునేవాళ్లకు మార్టిన్ లాంబర్స్ రాసిన ఎంఎస్ఎంటీపీ ఉంది. దానికి క్యూ లేదు. పంపగలిగితే పంపుతుంది, లేకపోతే ఫలానా కారణమని అప్పటికప్పుడు చెప్పి తప్పుకుంటుంది. పాస్‌వర్డ్ రాసిన ఫైలును మనం తప్ప ఇంకెవరైనా చదవగలిగేలా వదిలేస్తే దాన్ని ముట్టుకోనంటుంది. చిన్న పనిముట్టే అయినా తన హద్దు తెలిసినది. సిగ్నల్ రాకపోకలు ఎక్కువగా ఉండే మన దారికి మాత్రం క్యూ ఉన్నదే మేలు.

మన అక్షరాల సంగతీ ఉంది. తొలినాటి ఎస్ఎంటీపీ ఇంగ్లీషు అక్షరాలకే సరిపోయేది. తెలుగులో ఒక్కో గుర్తు యూటీఎఫ్-8లో మూడు బైట్లు, సబ్జెక్ట్ లైనులో అది నాలుగు ఇంగ్లీషు అక్షరాలుగా మారి ప్రయాణించి అవతల మళ్లీ తెలుగవుతుంది. అడ్రస్‌నే తెలుగులో రాసే వీలు 2012లో వచ్చిన ప్రమాణంతో కలిగింది, పోస్ట్‌ఫిక్స్ దాన్ని 2015లో 3.0 వెర్షన్‌తో అందుకుంది. దారిలో ఒక్క సర్వర్‌కు ఆ చదువు లేకపోయినా ఉత్తరం వెనక్కి వస్తుంది కాబట్టి ఇప్పటికైతే ఇంగ్లీషు అడ్రస్ కూడా దగ్గర ఉంచుకోవాలి.

ఇంత చేసినా ఒక నిర్ణయం మన చేతిలోనే ఉంటుంది. చేరని ఉత్తరాన్ని పోస్ట్‌ఫిక్స్ ఐదు రోజులు మోస్తుంది, తర్వాత చేరలేదని చెప్తుంది. ఆలస్యమైతే ముందే హెచ్చరించే ఏర్పాటు ఉంది కానీ మనం పెట్టుకుంటేనే పనిచేస్తుంది. పెట్టుకున్నా, ఆ హెచ్చరిక పంపినవారి అడ్రస్‌కే వెళ్లాలి, అంటే మూసుకుపోయిన అదే దారిలో బయలుదేరాలి. అందుకని ప్రయాణంలో ఉన్నవాళ్లు మెయిల్‌క్యూ అనే ఆజ్ఞ నేర్చుకోవాలి. ఆగిన ప్రతి ఉత్తరం కిందా బ్రాకెట్లలో కారణం కనిపిస్తుంది. కనెక్షన్ సమయం మించిందంటే ఓటీపీ పేజీ ఇంకా దాటలేదనో, సిగ్నల్ లేదనో. పేరు దొరకలేదంటే డీఎన్ఎస్ నకలు పాతదై ఉండొచ్చు. సర్టిఫికెట్ సరిపోలేదంటే మధ్యలో ఎవరో ఉండొచ్చు, అక్కడ ఇంకే పాస్‌వర్డూ కొట్టకుండా ఫోన్ హాట్‌స్పాట్‌కు మారాలి.